పైలోకం టికెట్టు

మా బిస్కెట్ల ఫ్యాక్టరీలో విమానం ముందు సీటుకి మేం పెట్టుకున్న పేరు పైలోకం టికెట్టు. పెద్దసారు ఎవరినైనా తన పక్కన ఫస్ట్ క్లాసులో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడంటే, ఆ మనిషి కిందికి దిగేసరికి ఉద్యోగం ఊడిపోయేది. లెక్కలు చూసే కళ్ళజోడు అలాగే పోయాడు. స్టోరు చూసే పెద్దావిడా అలాగే పోయింది. పైన ఏం జరిగిందని ఎంత గుచ్చి గుచ్చి అడిగినా "వదిలెయ్యండమ్మా" అన్నారు తప్ప నోరు విప్పలేదు. చేతకానివాళ్ళంటూ మేం టీ తాగుతూ నవ్వుకున్నాం.

ఒక్క మా బావ మాత్రం, అంటే మా అక్క మొగుడు, రానూపోనూ ముందు సీట్లోనే తిరిగొచ్చి మేనేజరయ్యాడు. ఓవెన్ దగ్గర పనిచేసే ముసలాయన తాగొచ్చి చేతులు కాల్చుకున్న కేసులో సాక్ష్యం చెప్పడానికి వెళ్ళినప్పటి సంగతది. ఆ సీటు ఎంత మెత్తగా ఉంటుందో మా ఇంట్లో పసిపిల్లలక్కూడా తెలుసు. అన్నిసార్లు చెప్పాడు మహానుభావుడు.

నాకు టికెట్టొచ్చిందని తెలియగానే ఆ బావే ఫోన్ చేశాడు.

"చూడు మరదలా, నోరు మంచిదైతే ఊరు మంచిది. ఆయనేమన్నా తలూపు. అంతే, ఇంకేం చెయ్యకు."

నా నోరు మంచిది కాదు. ఫ్యాక్టరీలో నన్ను మిరపకాయ అంటారు, నా మొహం మీదే అంటారు. అసలు ఈ టికెట్టు తెచ్చిపెట్టింది కూడా ఆ నోరేనని నా అనుమానం.

పిండి కలిపే మిషనుకి ఒక మూత ఉంటుంది. మూత తీస్తే మిషను ఆగిపోవాలి. ఆగితే పని వెనకబడుతోందని పెద్దసారు కొడుకు ఆ మూత స్విచ్చుకి టేపు చుట్టించాడు. ఆ షిఫ్టుకి సూపర్వైజర్ని నేనే. వద్దని మొత్తుకున్నాను. "నువ్వు మనుషుల్ని చూసుకో, మిషన్లు నేను చూసుకుంటా" అన్నాడు చిన్నసారు. వారం తిరక్కుండా, ఆ మిషను మీద పనిచేసే పొడుగావిడ కుడిచేతి వేళ్ళు రెండు అందులో పోయాయి. ఆ రోజు అందరి ముందూ చిన్నసారుని దులిపేశాను. ఇప్పుడు వేరే ఊళ్ళో కార్మిక శాఖ విచారణ. సాక్షిని నేను. రైల్లో వెళ్ళాల్సిన నాకు విమానంలో ముందు సీటు వచ్చింది.

నడుం దెబ్బతిని మా ఆయన లారీ తోలడం మానేశాక ఇల్లు నా ఒక్కదాని జీతం మీదే నడుస్తోంది. ఆ ఉద్యోగం పోతే పొయ్యిలో పిల్లి లేవదు.

విమానాశ్రయంలో పెద్దసారు నన్ను నేరుగా లాంజిలోకి తీసుకెళ్ళాడు. కూర్చుంటే మనిషి సగం మునిగిపోయే సోఫాలు, గోడంత అద్దాలు. ఎవరో చెంచా కింద పడేసుకుంటే గదంతా తల తిప్పి చూసింది. విమానం వచ్చిందని కేక కూడా వెయ్యరట, మనమే బోర్డు చూసుకోవాలట. అప్పుడర్థమైంది నాకు ఆయన తెలివి. ఇలాంటి చోట ఎవరు ఏడవగలరు? ఎవరు గొంతెత్తగలరు?

పెద్దసారు తనే లేచి వెళ్ళి నాకు ప్లేటు నిండా కేకు ముక్కలు, పళ్ళు తెచ్చిపెట్టాడు.

"తినమ్మా. మొహమాటం దేనికి? అన్నీ టికెట్లోవే."

గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందట. నేను గొర్రెను కాను కాబట్టి ముద్ద దిగలేదు. ఆయన మాత్రం తన ప్లేటు శుభ్రంగా ఖాళీ చేసి, నా ప్లేటులో ద్రాక్షపళ్ళు కూడా తిన్నాడు. విచారణ గురించి ఒక్క మాట లేదు. తిట్టినా బాగుండేది. బోర్డు మీద మా విమానం నంబరు పడేదాకా నా చూపు అక్కడే.

విమానంలో ముందు భాగానికీ వెనక భాగానికీ మధ్య ఒక తెర. బావ అబద్ధం చెప్పలేదు, సీటు మెత్తగానే ఉంది. ప్రయాణం ముప్పావుగంట. పైకి లేచి నిలదొక్కుకోగానే పెద్దసారు నా వైపు తిరిగాడు.

"ఏమ్మా, నీతో ఒక మాట..."

ఇంతలో అక్కడ పనిచేసే అమ్మాయి వేడి తువ్వాళ్ళు తెచ్చింది. ఆయన తీరిగ్గా మొహం, మెడ, చేతులు తుడుచుకున్నాడు. అనేదేదో అనెయ్యరా బాబూ అని లోపల తిట్టుకున్నాను.

తువ్వాలు మడిచిపెట్టి చెప్పాడు.

"రెండో ఫ్యాక్టరీ పెడుతున్నాం. దానికి మేనేజరువి నువ్వే."

నేను బిత్తరపోయాను. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం సంతోషంతో కళ్ళు చెమర్చాయి కూడా.

"ఇవాళ అక్కడ అడుగుతారు. మూత తీసింది ఆ వేళ్ళు పోయిన పిల్లే. టేపు వేసుకున్నదీ ఆ పిల్లే. నువ్వు చూశావు. అంతే."

"సార్, టేపు వేయించింది..."

"తెలుసమ్మా. వాడు నా కొడుకు, నాకు తెలీదా? కళ్ళజోడుకీ ఈ సీట్లోనే చెప్పా. స్టోరు ఆవిడకీ చెప్పా. మంచివాళ్ళే, కానీ మాట వినలేదు. మీ బావ చూడు, ఎంత తెలివైనవాడో! రెండో మాట మాట్లాడలేదు."

మేం టీ తాగుతూ నవ్వుకున్న ఇద్దరూ ఇదే సీట్లో కూర్చుని కాదన్నవాళ్ళు. మేం విందుల్లో పొగిడిన మనిషి...

ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. మా ఆయన మందులు గుర్తొచ్చాయి, పిల్ల కాలేజీ గుర్తొచ్చింది. తలూపితే చాలు, నోరు కూడా తెరవక్కర్లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నా తల కాస్త కదిలింది కూడా. విమానం కిందికి దిగడం మొదలైంది, చెవులు దిబ్బెడ వేశాయి. పెద్దసారు నా జవాబు కోసం కాచుక్కూచున్నాడు. అప్పుడు పొడుగావిడ కట్టు గుర్తొచ్చింది. ఆస్పత్రిలో ఆ కట్టు చెయ్యి దాచుకుని "తప్పు నాదేనేమో అక్కా" అంది పిచ్చిది. ఆమె చేత ఆ మాట ఎవరనిపించారో నాకప్పుడు తట్టలేదు.

"టేపు చిన్నసారు వేయించారు. నేనక్కడే ఉన్నాను. అదే చెప్తాను" అన్నాను.

చెవులు పట్టేశాయి కదా, ఎంత గట్టిగా అన్నానో నాకు తెలీలేదు. ముందు సీట్లవాళ్ళందరూ తిరిగి చూశారు. తెర అవతల కూడా వినపడే ఉంటుంది.

పెద్దసారు కోప్పడలేదు. నవ్వి బెల్టు సరిచేసుకున్నాడు. చక్రాలు నేలను తాకాక ఫోన్ తీసి ఆఫీసుకు చెప్పాడు. "ఆవిడ తిరుగు టికెట్టు వెనక సీటుకి మార్చు." దిగి, నా వైపు చూడకుండా తన కారెక్కి వెళ్ళిపోయాడు.

టాక్సీ ఎక్కి కార్మిక శాఖ ఆఫీసుకి పొమ్మన్నాను. బండి కదిలిందో లేదో బావ ఫోను.

"ఏం మరదలా, తిరుగు టికెట్టు ముందా, వెనకా?"

క్షేమమా అని లేదు, విచారణేమైందని లేదు. మొదటి మాటే అది.

"వెనక బావా."

అవతల బావ ఏదో తలుపు దగ్గరగా వేసిన చప్పుడైంది.

"బావా, ఒకటి అడుగుతాను. ఓవెన్ దగ్గర ముసలాయన ఆ రోజు నిజంగానే తాగొచ్చాడా?"

పెట్టేశాడేమోనని ఫోన్ తీసి చూశాను. పెట్టెయ్యలేదు.

"మీ అక్కకి చెప్పకు" అన్నాడు.