కార్డు మీద మొదటి వరుస

నడుం నొప్పికీ డిపో మేనేజరుకూ సంబంధం ఏమిటని ఈ మనిషిని అడగాల్సింది తనే, కానీ సంబంధం ఉందని చెప్పి ఇరవై రెండేళ్ళుగా బతుకుతున్నదీ తనే, అనుకుంటూ ఆమె అరచేతులు రెండూ రుద్ది వేడి చేసుకుంది, బల్ల మీద బోర్లా పడుకున్న బస్సు డ్రైవరు, ముఖం పెట్టుకునే కన్నంలోంచి నేలను చూస్తూ, వాడేనమ్మా, వాడి గొంతు వింటే చాలు నడుం పట్టేస్తుంది అన్నాడు, పాపం ఆ మేనేజరు నడుం ఎవరి వల్ల పట్టేస్తోందో, అతనూ ఏదో ఒక రోజు ఇదే బల్ల ఎక్కి ఈ డ్రైవరు పేరు చెప్పినా చెబుతాడు, ఎందుకంటే ఈ గదిలో ఆమె అడిగే ప్రశ్న ఒక్కటే, ఈ నొప్పి ఎవరిది అని, ఎక్కడ అని కాదు, ఎప్పటినుంచి అని కాదు, ఎవరిది, అడిగి ఊరుకుంటే చాలు, కాసేపటికి ఎవరో ఒకరు బయటికొస్తారు, మొగుడో, అత్తో, ఎప్పుడో పోయిన తండ్రో, మనిషి బయటికి రాగానే కన్నీళ్ళు, కన్నీళ్ళు కాగానే తేలిక, చెప్పుకుంటే తేలికవుతుంది అని ఎదురుగోడ మీద నీలం రంగుతో తనే రాసుకుంది, అంత పెద్ద అక్షరాలతో ఎందుకు రాసిందో ఈమధ్య అర్థం కావడం లేదు, నాలుగు నెలలుగా ఆ గోడకు వీపు పెట్టి పనిచేస్తోంది.

ఊపిరి వదలండి అంది, చెయ్యి ఎత్తింది, ఎత్తిన వెంటనే కార్డు తీసుకుంది, ఈ అలవాటు మాత్రం తప్పలేదు, మొదటి వరుసలో చెయ్యి చెప్పినది, రెండో వరుసలో మనిషి చెప్పినది, మొదటి వరుస బుర్ర జోక్యం చేసుకునేలోపే రాసేయాలి, రాసింది కొట్టేయకూడదు, దిద్దకూడదు, పైన తారీఖు వేయాలి, ఏడుసార్లు వచ్చి వెళ్ళాక ఆ కార్డు వాళ్ళకే ఇచ్చేయాలి, చింపుకుంటారో కాల్చుకుంటారో వాళ్ళిష్టం, పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు ఈ నియమం చెప్పేటప్పుడు ఆమె గొంతు ఒక మెట్టు పైకి లేచేది, చెయ్యి అబద్ధం చెప్పదు అనేది, నడుం, ఎడమ పక్క, బిగుతు, వేడి లేదు, అని రాసి, రెండో వరుసలో మేనేజరు అని రాయబోతూ తలుపు సందులోంచి చూసింది, ఆరు కుర్చీల్లో మూడు ఖాళీ, చివరి కుర్చీలో అక్క కూర్చుని ఉంది, అక్క కాదు, అక్క ఆసుపత్రిలో ఉంది కదా, అక్క కూతురు, కానీ అదే నిటారు నడుం, మోకాళ్ళ మీద అదే తీరుగా పెట్టుకున్న సంచీ, ఎదుటివాళ్ళ లెక్క తప్పని ముందే తెలిసినట్టు అదే చూపు, నాలుగు నెలలుగా ఫోన్ ఎత్తని పిల్ల తనంతట తనే ఎందుకొచ్చింది, అయిపోయిందా, అయిపోతే ఇలా వరుసలో కూర్చోదు, ఎందుకైనా మంచిది, ఒకసారి ఎక్స్‌రే తీయించుకోండి అంది డ్రైవరుతో, అతను చొక్కా గుండీలు పెట్టుకుంటూ నొచ్చుకున్నాడు, అదేంటమ్మా, అవన్నీ అయ్యాకే కదా మీ దగ్గరికొచ్చింది, మీరు కూడా అలా అంటే మేమెక్కడికి పోవాలి అన్నాడు, వచ్చిన ప్రతివాళ్ళకూ ఆమె ఇప్పుడు ఇదే మాట చెబుతోంది, నిద్ర పట్టడం లేదన్నవాళ్ళకు కూడా, అది విని సగం మంది రావడం మానేశారు, మిగతా సగం మేడమ్‌కు ఎంత వినయమో అని మెచ్చుకుంటున్నారు.

అక్క కూతురు లోపలికొచ్చి కూర్చోలేదు, కూర్చోవే అంటే వినిపించుకోలేదు, సంచీలోంచి ఒక కార్డు తీసి బల్ల మీద, తువ్వాలు మీద, సరిగ్గా డ్రైవరు నడుం ఆనిన చోట పెట్టింది, అమ్మ పర్సులో దొరికింది పిన్నీ, నీ చేతిరాతే కదా అంది, తనదే, గుండ్రటి అక్షరాలు, కుడి పక్క, ఎముక కింద, గోలీ అంత, గట్టిగా ఉంది, కదలదు, అని మొదటి వరుస, అమ్మ, అని రెండో వరుస, పైన పద్నాలుగు నెలల కిందటి తారీఖు, మొదట ఎప్పుడు తెలిసింది అని డాక్టరు అడిగితే ఇది చూపించాను అంది పిల్ల, రెండుసార్లు చదివాడు, రాసింది డాక్టరా అన్నాడు, కాదండీ మా పిన్ని అన్నాను, అప్పుడు గోలీ అంతే ఉంటే, అని మొదలుపెట్టి ఆపేశాడు, మిగతా ముక్క నేను అడగలేదు, నువ్వు చెప్పు, అంది, నాకు తెలియదే, ఒట్టు, ముడి అనుకున్నాను, దిగమింగుకున్న దుఃఖం అలా గడ్డకట్టి తగులుతుంది, ఎంతమందికి చూడలేదు, తెలియక చేశానే, అంటుంటే తన గొంతు తనకే బల్ల ఎక్కినవాళ్ళ గొంతులా వినిపించింది, అక్కకు క్యాన్సర్ అని తేలిన ఈ నాలుగు నెలలుగా పగలూ రాత్రీ ఆమె ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది, తెలియక, తెలియక చేసినదానికి పాపం ఉండదని కాదు, కానీ కూడూ నిద్రా కొంచెమైనా దక్కుతాయి.

అమ్మ నిన్ను రమ్మంటోంది అంది పిల్ల, రోజూ అడుగుతోంది, సూది మందు కన్నా నీ చెయ్యే నయమట, నేను పది సాకులు చెప్పాను, ఇంక సాకులు లేవు, వారమో పది రోజులో అన్నారు, పద, అంది, వస్తానే, ఇప్పుడే వస్తాను, వచ్చి అక్క కాళ్ళు పట్టుకుంటాను, అంతా చెప్పేస్తాను, అనగానే పిల్ల మొదటిసారి తన కళ్ళలోకి చూసింది, అదే వద్దు అంది, నువ్వు ఒక్క మాట కూడా చెప్పడానికి వీల్లేదు, చెప్పుకుంటే నీకు తేలికవుతుంది, అని గోడ వైపు గడ్డం ఎత్తి చూపించింది, నీకు తేలికవడం నాకు ఇష్టం లేదు పిన్నీ, అమ్మ క్షమించేస్తుంది, పిచ్చిది, నీ తల నిమిరి మరీ క్షమిస్తుంది, ఆ తర్వాత నువ్వు ఆ కథ కూడా ఇక్కడ కూర్చుని నలుగురికీ చెప్పుకుంటావు, కాబట్టి చెయ్యి పెట్టు, నోరు మూసుకో, అమ్మ తన చెల్లెలి చెయ్యి మంచిదనుకుంటూ పోనీ, నువ్వు ఉన్నన్నాళ్ళూ మొయ్యి, అంది, ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు, టీచరుగా ఉన్నప్పుడు అక్క తరగతిలో ఇలాగే మాట్లాడేదట, చివరి బెంచీ వరకూ వినపడేదట.

కారులో ముందు సీటు తలుపు తెరవబోతే, వెనక కూర్చో అంది పిల్ల, కూర్చుంది, ఏమీ చెప్పకుండా ఆ గదిలో ఎంతసేపు ఉండగలదు, చెప్పకుండా ఉండటం తనకు కొత్తా, చిన్నప్పుడంతా నోరు మెదపకుండానే పెరిగింది, మొద్దు అనేది అక్క పెట్టిన పేరే, ఎక్కాలు రాలేదని స్నేహితురాళ్ళందరి ముందూ గోడవైపు తిప్పి నిలబెట్టి ఏడో ఎక్కం చెప్పించినప్పుడు, ఏడెనిమిదుల దగ్గర ఆగిపోతే వాళ్ళు పడీపడీ నవ్వారు, గడపలో నిలబడి అమ్మ కూడా నవ్వింది, అమ్మకు అక్కంటే ప్రాణం, మంచం పట్టిన మూడేళ్ళూ ఒళ్ళు తుడిచిందీ తినిపించిందీ తను, నెలకోసారి వచ్చి పది నిమిషాలు కూర్చునే అక్క చేతిని పట్టుకుని అమ్మ కళ్ళు మూసింది, ఎర్రదీపం దగ్గర కారు ఆగింది, అద్దంలోంచి పిల్ల చూస్తోందా, చూడటం లేదు, ఇరవై ఏళ్ళకు పైగా అక్క తన గదికి రాలేదు, చుట్టాలడిగితే మా మొద్దు ఒళ్ళు నిమిరి బతుకుతోంది అని నవ్వేది, ఆ అక్క ఒక మధ్యాహ్నం వచ్చి, పక్కలో పోటుగా ఉంటోందే, డాక్టర్లంటే నాకు భయమని నీకు తెలుసుగా, నువ్వే చూడు, అని బల్ల ఎక్కింది, కళ్ళద్దాలు తీసి తన చేతికిచ్చింది, కళ్ళద్దాలు లేకపోతే అక్క ముఖం ఎవరో పరాయి ఆడమనిషిదిలా ఉంది, చెయ్యి వేసింది, తగిలింది, రాసింది, ఈ నొప్పి ఎవరిది అక్కా అని అడిగింది, అక్క ఎంత ఆలోచించినా ఎవరూ రాలేదు, ఎవరూ లేరే, అందరూ నన్ను బాగానే చూసుకున్నారు అంది, ఆ మాటకు తనకు ఒళ్ళు మండిపోయింది, అమ్మేమో, అమ్మ మీద కోపం లోపల దాచుకున్నావేమో వెతుకు, అంది, నాకెందుకే అమ్మ మీద కోపం అని అక్క ఆశ్చర్యపోయింది, నిజమే, ఆ కోపం ఎవరిదో తనకు తెలియదా, అయినా రెండో వరుసలో అమ్మ అని రాసింది, బల్ల మీది మనిషి చెప్పని మాట కార్డు మీద రాయడం అదే మొదలు, అక్క బుద్ధిగా వెతికింది, ఐదో వారానికి దొరికిందంది, అమ్మ నన్ను మార్కుల కోసమే ముద్దు చేసిందే అని వెక్కి వెక్కి ఏడ్చింది, ఇంటికెళ్ళి అమ్మ ఫోటోను గోడ మీంచి తీసి బీరువాలో పెట్టేసింది, ఏడో వారం కార్డు ఇస్తే చదివి, గట్టిగా ఉంది కదలదు అని నా మొండితనం గురించి భలే రాశావే అని నవ్వింది, ఆ తర్వాతా వస్తూనే ఉంది, ఒకరోజు స్కానింగ్ తీయించుకోనా అని అడిగింది, వద్దనలేదు తను, నీ ఇష్టం అక్కా, యంత్రం ఏముందో చూపిస్తుంది, ఎందుకుందో చూపించదు కదా అంది, పుట్టి బుద్ధెరిగి ఎవరి మాటా వినని అక్క, సరేలే, నువ్వెలా చెబితే అలాగే, అంది.

మూడో అంతస్తు, వరండా చివరి గది, కిటికీలోంచి ఎండ మంచం మీద సగం వరకూ పడుతోంది, బల్ల మీద కళ్ళద్దాలు, నీళ్ళ సీసా, మూత తీయని పండ్లరసం డబ్బా, దుప్పటి కింద పొట్ట ఎత్తుగా, పైన చేతులు పుల్లల్లా, మొద్దూ వచ్చావా, ఎన్నాళ్ళకే, అంది అక్క, ఆ పిలుపు ఇంత తియ్యగా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు, పిల్ల తలుపు దగ్గరే చేతులు కట్టుకుని గోడకు ఆనుకుంది, అక్క తనే దుప్పటి పక్కకు తోసి, పెట్టవే, చూస్తావేంటి, అంది, అరచేతులు రుద్దుకుంది, చెమట పట్టి జారుతున్నాయి, వేడెక్కడం లేదు, అలాగే పెట్టింది, గోలీ కాదిప్పుడు, పిడికిలంత, పక్కన ఇంకా రెండు మూడు, అమ్మయ్య, అంది అక్క, ఆ ముఖంలో నిజంగానే నొప్పి దిగిపోయింది, ఈ చేతుల్లో ఏదో ఉందే అంది, తల తిప్పి కూతురుతో, చూశావా, నేను చెబితే నమ్మలేదు, అంది, మళ్ళీ ఇటు తిరిగి మెల్లగా అడిగింది, అమ్మను క్షమించేశానే, రోజూ పొద్దున్నే లేచి క్షమించాను అనుకుంటున్నాను, అయినా తగ్గడం లేదు, నాది ఎక్కడ లెక్క తప్పుతోందంటావు, అని.

చెప్పకూడదు, కానీ ఇది చెప్పకపోతే తను మనిషే కాదు, తన సంగతి చెప్పనక్కరలేదు, అమ్మను మాత్రం అక్కకు తిరిగి ఇచ్చేస్తే చాలు, నీకు అమ్మ మీద కోపం లేదక్కా, ఎప్పుడూ లేదు, అమ్మకు నువ్వంటే ప్రాణం, ఆ రోజు నేనే తప్పుగా పట్టుకున్నాను, అంది, తలుపు దగ్గర పిల్ల కదిలింది, అక్క కళ్ళు మూసుకునే నవ్వింది, ఊరుకోవే, నన్ను ఓదార్చడానికి చెబుతున్నావు, నీ చెయ్యి తప్పుగా పట్టుకోదు, కార్డు మీద రాశావు కూడా, కాదక్కా, నా మాట విను, అంటుంటే, విన్నాను కదే, వినే కదా అమ్మను అంత తిట్టుకున్నాను, నా లోపల ఏముందో నాకన్నా నీకే ముందు తెలుసు, చెయ్యి తియ్యకు, అంది, కాసేపటికి ఊపిరి సమంగా మారింది, నిద్రపోయింది, ఎండ మంచం మీంచి జరిగి గోడ ఎక్కింది, చెయ్యి మొద్దుబారుతోంది, అయినా తీయలేదు, అరచెయ్యి కింద ఆ గట్టిది అలాగే ఉంది, కదలదు, నాకన్నా నీకే ముందు తెలుసు, అంది కదా అక్క, ముందు అంటే ఎంత ముందు, ఆ మధ్యాహ్నం కళ్ళద్దాలు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు లోపలికి నొక్కిన క్షణం, ఇన్ని వందల మంది ఒళ్ళు ముట్టుకున్న వేళ్ళు అవి, బిగిసిన కండ ఎలా ఉంటుందో వాటికి తెలుసు, నొక్కితే అది జరుగుతుంది, ఇది జరగలేదు, జరగలేదనే కదా కదలదు అని రాసింది, దుఃఖమైతే గోలీ అంత అని కొలత ఎందుకు రాసింది, తెలియక కాదు, గర్వం కళ్ళు కప్పీ కాదు, ఎవరి మీద చెయ్యి వేసినా అలాంటిది తగిలితే భయం వేస్తుంది, ఆ రోజు భయం వేయలేదు, అక్క ఒంట్లో చెడ్డదేదో ఉందని, అది తనకొక్కదానికే తెలుసని, వేళ్ళకు తగిలిన ఆ క్షణాన తనకు సంతోషం వేసింది.