మూడు పూతల పచ్చరంగు

నేను ఒక సైకిల్ ఫ్రేమును. ఆ పూట కూడా అంకమ్మ నన్ను తోముతోంది. పిడికెడు బూడిద, కొబ్బరిపీచు, చెంబుడు నీళ్లు. ఆమె చేయి తిరిగినప్పుడల్లా నా ఒంటి మీది పచ్చరంగు కొద్దికొద్దిగా ఆ నీళ్లలో కలిసిపోతోంది. అది ఆమెకు తెలియదు. చెప్పడానికి నాకు నోరు లేదు. అలసిపోయాను.

నన్ను చేసింది ఆమె మామ పేరయ్య. గొట్టాలు కోసి, ఇత్తడి కరిగించి అతికించి, ఆకురాయి పట్టి నునుపు చేశాడు. అసలు పని ఆ తర్వాతిది. ముందు తుప్పు పట్టకుండా ఎర్ర పూత, దాని మీద పచ్చరంగు మూడు పూతలు. పూతకూ పూతకూ మధ్య నాలుగు రోజులు దూలానికి వేలాడదీశాడు. దుమ్ము లేస్తుందని అన్నాళ్లూ కొట్టు ముందు ఎవరినీ ఊడ్వనివ్వలేదు. పెళ్లికొడుక్కి కూడా అంత ఓపికగా నలుగు పెట్టరు.

మాది చినగంజాం వైపు ఉప్పుమళ్ల ఊరు. ఈ గాలికి ఏ సైకిలూ రెండేళ్లు ఆగదు. ఏడాది వాడాక కూడా రంగు నిలిస్తే కూలీలకు నలభై ఫ్రేములు చేయిస్తానని ఉప్పు సొసైటీ పెద్ద రోశిరెడ్డి పేరయ్యకు మాటిచ్చాడు. గడువు దాకా పేరయ్య నన్ను ముట్టకూడదని షరతు. ఆ పని దొరక్కపోతే కొట్టు మూతే. అందుకే నన్ను కొడుకింట్లో ఉంచి, రోజూ తడిగుడ్డతో తుడవమని కోడలికి చెప్పి వెళ్లాడు.

కొడుకు నన్ను ఎక్కేవాడే గాని చూసేవాడు కాదు. అంకమ్మకేమో తుడవడం చాలదనిపించింది. మామ కొట్టు నిలబడాలని ఇత్తడి బిందెను తోమినట్టు ఏడాదంతా తోమింది. ఉప్పుగాలికి తట్టుకున్నాను గాని ఆమె శ్రద్ధకు తట్టుకోలేకపోయాను.

ఆమె చేతులు కడుక్కునేలోగా, ఏడాది గడువు తీరిందని పేరయ్య, రోశిరెడ్డి ఇద్దరూ వచ్చారు. రోశిరెడ్డి నా పై గొట్టం మీద వేలు రాసి, ఆ వేలు చూసుకున్నాడు.

“ఏంది పేరయ్యా, పదేళ్లుంటదన్నావు. ఏడాదికే తుప్పు పళ్లు ఇకిలిస్తా ఉంది.”

పేరయ్య గొంతుక్కూర్చుని నా అడుగున తడిమాడు. అక్కడికి పీచు అందదు. అక్కడ నా రంగు తొలిరోజులాగే గాజులా ఉంది. ఆయన వేళ్లు అక్కడే ఆగాయి. నేల మీది బూడిద నీళ్లకేసి చూశాడు, కోడలి చేతులకేసి చూశాడు. నన్ను ఒక్కసారి తలకిందులు చేసి చూపిస్తే చాలు, నలభై ఫ్రేములూ ఆయనవే.

లేచి నిలబడ్డాడు.

“తప్పు నాదేనయ్యా. పూత ఆరకముందే ఇంకో పూత ఏశా. ఆత్రం ఆగలా.”

నిజం ఒప్పుకున్నందుకు మెచ్చుకుని రోశిరెడ్డి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మనుషులు నిజాన్ని భలే గుర్తుపడతారు.

అంకమ్మ వంగి, మామ చేయి ఆగిన చోట తానూ తడిమి చూసింది.

“మావయ్యా, నేను తోమబట్టేనా?” అంది.

పేరయ్య నన్ను గోడకు ఆనించాడు. భుజం మీది తుండు సర్దుకుని, గడప దాటి వెళ్లిపోయాడు.