వంటింటి ఫైర్‌స్టేషన్

ఒకే వారంలో రెండు ఉద్యోగాలు తెచ్చుకున్న కూతురిని చూసి ఆ తల్లికి సంతోషమూ తలనొప్పీ జంటగా వచ్చాయి. ఆ పిల్లను ఇంట్లో అందరూ తూనీగ అంటారు. పుట్టిన దగ్గర్నుంచీ ఒక చోట కుదురుగా వాలింది లేదు. అలాంటిదానికి బీమా కంపెనీ వాళ్ళు క్లెయిముల విభాగంలో కుర్చీ వేస్తామన్నారు. అదే వారం అగ్నిమాపక శాఖ వాళ్ళు శిక్షణకు రమ్మన్నారు. ఇద్దరికీ శుక్రవారంలోగా జవాబు చెప్పాలి.

తల్లికి ఏది కావాలో ఇంటికి పాలు తెచ్చేవాడికి కూడా తెలుసు. ఆవిడ భర్త ఫైరింజన్ మీద వెళ్ళే మనిషి. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన జుట్టులో పొగ వాసన వదిలించడానికి ఆవిడ వాడని సబ్బు లేదు. ఇంట్లో ఒక్క మనిషైనా సాయంత్రం ఆరింటికి, చొక్కా ఇస్త్రీ నలగకుండా, చేతి మీద బొబ్బ లేకుండా ఇల్లు చేరితే కళ్ళారా చూడాలని ఆవిడ కోరిక.

సలహా చెప్పడానికి ఆవిడ అన్నయ్య వచ్చాడు. ఆయన ఆడిటరు. నడుముకు బెల్టు, మెడకు పట్టీ వేసుకుని, సోఫాలో కూర్చోలేక గోడకు ఆనుకుని నిలబడి, కుర్చీ ఉద్యోగం గొప్పతనం వివరించాడు.

"ఏసీ గది, తిరిగే కుర్చీ, ఒంటికి చెమట పట్టదు. ఇంకేం కావాలే నీకు?"

"నడుం కావాలి మామయ్యా," అంది తూనీగ.

"చూశావా చెల్లాయ్, దీని వెటకారం!"

తండ్రి కలగజేసుకున్నాడు. "బావగారూ, ఇంకొన్నాళ్ళకి ఆ లెక్కలన్నీ కంప్యూటరే చేసేసుకుంటుంది. మంటల్లోకి కంప్యూటర్ని పంపలేరు కదా?"

"పంపేదాకా మీ అమ్మాయి వెళ్ళాలా?"

అన్నయ్య గెలిచాడని తల్లికి అర్థమైంది కానీ, ఆ గెలిచిన మాటకు ఆవిడకే భయం వేసింది. మాటలతో ఇది తేలదని కూడా అర్థమైంది.

"చెప్పులు కొనేటప్పుడే నాలుగడుగులు వేసి చూస్తాం," అంది. "రెండు రోజులు ఆఫీసు, రెండు రోజులు ఫైర్‌స్టేషను. రెండూ ఈ ఇంట్లోనే. మేనేజర్నీ నేనే, గంట కొట్టేదాన్నీ నేనే."

"మరి జీతం?" అంది తూనీగ.

"ఇన్నాళ్ళూ తిండి పెట్టింది చాల్లేదా?"

న్యాయంగా జరిపిస్తానని అందరి ముందూ మాటిచ్చింది. లోపల మాత్రం ఆఫీసుకు మెత్తటి దిండు, ఫైర్‌స్టేషనుకు కంటతడి ఖాయం చేసుకుంది.

సోమవారం భోజనాల బల్ల ఆఫీసయింది. కుర్చీలో దిండు, నెత్తిన ఫ్యాను, అడక్కముందే టీ. క్లెయిములు ఎక్కణ్ణుంచి వస్తాయి? తల్లే పుట్టించింది. ఎదురింటావిడ పూలకుండీ గాలికి పడి పగిలింది, పరిహారం ఇవ్వాలా? పక్కింటాయన స్కూటరు ఆయన గేటునే గుద్దుకుంది, ఎవరిది తప్పు? తూనీగ అన్నిటికీ కారణాలతో సహా టకటకా తీర్పులిచ్చింది. తల్లి మురిసిపోయి, సొంత క్లెయిము కూడా ఒకటి పడేసింది.

"నా మిక్సీ మూత విరిగింది. డబ్బులిప్పించండి."

"ఎలా విరిగిందండీ?"

"ఫోను మాట్లాడుతుంటే చేయి జారింది."

"నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టానికి బీమా వర్తించదండీ. కావాలంటే పై అధికారికి మొర పెట్టుకోండి."

"పై అధికారిని నేనే కదే!"

"అయితే మీకే తెలియాలి కదండీ."

కన్నతల్లి క్లెయిమునే కొట్టేసిందంటే ఈ పిల్ల ఆ కంపెనీలో ఎక్కడికో వెళ్ళిపోతుందనుకుంది తల్లి. రెండో రోజు మధ్యాహ్నానికి తూనీగ కాలు బల్ల కింద దరువు వేయడం మొదలుపెట్టింది. ఆ దరువును తల్లి వినలేదు. వినకూడదనుకున్నది వినపడకుండా చేసుకోవడంలో ఆవిడది అందె వేసిన చేయి. ఆరు కొట్టగానే కూతురు లేచి, బల్ల నుంచి సోఫా దాకా నడిచి ఇంటికి వచ్చేసింది. తల్లి తృప్తిగా ఊపిరి పీల్చుకుంది.

బుధవారం నుంచి ఫైర్‌స్టేషను. తండ్రి పాత గమ్‌బూట్లు వాకిట్లో. ప్యాంటు బూట్ల మీదికి మడిచి ఉంచారు, కాళ్ళు దూర్చి పైకి లాగితే చాలు. స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొడితే పిలుపు వచ్చినట్టు. తూనీగ ఎక్కడున్నా బూట్లు తొడుక్కుని గేటు దగ్గరికి పరిగెత్తాలి. రాత్రిళ్ళు మాత్రం గంట ఉండదని తల్లి ముందే చెప్పేసింది, కొట్టడానికి తనూ లేవాలి కనక.

తలంటుకుంటుంటే కొట్టింది. పిల్ల చెవుల్లో నురగతో, రెయిన్‌కోటు వేసుకుని, బూట్లు ఈడ్చుకుంటూ గేటు దగ్గర ప్రత్యక్షమైంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే కొట్టింది. పిల్ల ముద్ద నముల్తూనే పరిగెత్తింది. కంచం ముందు తిరిగొచ్చి కూర్చుందో లేదో మళ్ళీ కొట్టింది.

"గిన్నెలేమైనా అమ్ముతున్నారా వదినా?" అని ఎదురింటావిడ కిటికీలోంచి అడిగింది.

"ఉద్యోగం మానిపిస్తున్నాను."

"ఎవరిచేత?"

తల్లి జవాబు వెతుక్కునేలోపు తూనీగ ముఖం ఎర్రబడి, రొప్పుతూ, చెవి నుంచి చెవి దాకా నవ్వుతూ వచ్చింది. "ఇంకోసారి కొట్టమ్మా! ఈసారి ఇంకా ముందొస్తాను!"

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన తండ్రికి కూతురు అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన విని, "బాగానే ఉంది కానీ, ఇంత హడావిడి మా దగ్గర ఎప్పుడో కానీ ఉండదు," అన్నాడు. "మాకు అసలు పని ఎదురుచూడ్డం. పైపులు కడుగుతాం, ఆరేస్తాం, పంపు చూసుకుంటాం, పిలుపు కోసం కూర్చుంటాం. పరీక్ష పెట్టాలంటే అది పెట్టండి."

ఒక చోట వాలని పిల్లకు ఎదురుచూసే పరీక్షా! తల్లికి పండగే అయింది. గురువారం పొద్దున పళ్ళెం గూట్లో పెట్టేసింది. ఎప్పుడైనా గంట మోగవచ్చంది. మోగించలేదు.

తూనీగ తోట పైపు కడిగింది. తీగ మీద ఆరేసింది. బూట్లు తుడిచింది. మధ్యాహ్నమైంది. బూట్ల పక్కనే గడప మీద కూర్చుంది. విసుక్కోలేదు, కాలు ఆడించలేదు. తల్లి రెండుసార్లు తొంగి చూసి నిరాశపడింది.

ఆ రోజు నాలుగింటికి రావలసిన తండ్రి ఐదైనా రాలేదు.

అప్పుడు తూనీగకు వంటిల్లు సూటిగా కనిపిస్తోంది. చేయడానికి పనేమీ లేక చూస్తూ కూర్చుంది. నాన్న స్నానానికి అమ్మ నీళ్ళు పెట్టింది, కాసేపటికి స్టవ్ కట్టేసింది, మళ్ళీ వెలిగించింది. టీవీ పెట్టబోయి మానేసింది. తోమేసిన గిన్నె మళ్ళీ తోమింది. వీధిలో ఏ బండి చప్పుడు విన్నా చేయి ఆగుతోంది. బండి దాటిపోగానే చేయి కదులుతోంది. అదే గిన్నె మరోసారి తోమింది.

చీకటి పడబోతుండగా తండ్రి వచ్చాడు. మోచేతుల దాకా జిడ్డు.

"ఒక పిల్లాడు మెట్ల కటకటాల్లో తల ఇరికించుకున్నాడు. సబ్బు రాశాం, నూనె రాశాం. చెవులు అడ్డం! వాడు ఏడవలేదు కానీ, వాళ్ళ నానమ్మను ఆపడానికి మాలో ఇద్దరు కావలసి వచ్చారు."

తల్లి నవ్వింది. నవ్వుతూనే ఆయన చేతులు అటూ ఇటూ తిప్పి చూసింది.

భోజనాల దగ్గర తూనీగ నెమ్మదిగా చెప్పింది. "బీమా కంపెనీకే వెళ్తానమ్మా."

తల్లి గెలిచింది. గెలిచిన మనిషి గరిటె పక్కన పెట్టి, కూతురి వంక అనుమానంగా చూసింది.

"ఎందుకు? కుర్చీ నచ్చిందా?"

"లేదు."

"బూట్లు కరిచాయా?"

"లేదు. సాయంత్రం నిన్ను చూశాను. ఒక్క నాన్న కోసమే గిన్నె అన్నిసార్లు తోముతున్నావు. ఇద్దరం వెళ్తే ఈ ఇంట్లో గిన్నెలు మిగలవు."

తండ్రి తలొంచుకుని తినడంలో మునిగిపోయాడు. తల్లికి ముందు ముఖం వేడెక్కింది. తర్వాత కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ ఎవరికీ కనపడకుండా చేసుకుంటున్న పని ఇది. దాన్ని చూడ్డమే కాక, జాలిపడి ఉద్యోగం కూడా దానం చేస్తోందీ పిల్ల!

"నా గిన్నెలు, నా ఇష్టం," అంది. "నాకు భయమే. అబద్ధం చెప్పను. నీకు బదులు ఇంకెవరి పిల్లయినా వెళ్తే బాగుండునని కూడా అనుకున్నాను. కానీ భయపడ్డం నా పని. మీ నాన్నకెంత సర్వీసుందో నాకూ అంతే ఉంది. ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు. నా కోసం నువ్వు మానేస్తే, రేపు ఆ కుర్చీలో కాలు ఆడిస్తూ కూర్చున్నప్పుడల్లా నన్ను తిట్టుకుంటావు. నీ ఉద్యోగం సంగతి నువ్వు చూసుకో. నా ఉద్యోగంలో వేలు పెట్టకు."

"అయితే ఏది ఒప్పుకోమంటావు?"

"నన్నెందుకు అడుగుతావు? నీకేది కావాలి?"

తూనీగ ముఖంలో ఆ ఎరుపూ ఆ నవ్వూ మళ్ళీ వచ్చేశాయి. నోటితో చెప్పక్కర్లేకపోయింది. తల్లి ఒక్కసారి కళ్ళు మూసుకుని తెరిచింది.

"సరే. పొద్దున్నే ఫోన్ చేసి వస్తానని చెప్పు." భర్త వైపు తిరిగింది. "మీరేమో, ఇద్దరికీ ఒకే షిఫ్టు వేయించండి. ఇద్దరూ ఒకేసారి వెళ్ళి ఒకేసారి వస్తే ఒక పూట భయంతో సరిపోతుంది. వేరే వేరే షిఫ్టులైతే నాకు రాత్రింబవళ్ళు డ్యూటీ."

"అది నా చేతుల్లో లేదే."

"అయితే నాకు వారానికో రోజు సెలవిప్పించండి."

"నీ సెలవు రోజున ఎవరు భయపడతారమ్మా?" అంది తూనీగ.

"మీ మామయ్య ఉన్నాడుగా," అంది తల్లి, పిల్ల కంచంలో ఇంకో గరిటెడు వడ్డిస్తూ. "కూర్చుని చేసే పనే."