కోరం లేని అరగంట

ఎనభై ఆరు వేసవిలో ఒక ఆదివారం. నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్లే రోడ్డు మీది ఆ ఊళ్లో మామిడిపళ్ల పోటీ జరగటం అదే మొదటిసారి. పరపతి సంఘంవాళ్లు హైస్కూలు ఆవరణలో షామియానా వేయించి, మైకు పెట్టించారు. ఎవరి చెట్టు కాయ వాళ్లకు గొప్ప కనుక, రైతులందరూ బుట్టల్లో గడ్డి పరిచి మేలైన పళ్లు తెచ్చారు.

నాగేంద్రమ్మ కూడా తన చిన్నరసాలు తెచ్చింది. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన తోట ఆమెది. అందులో బావి ఎండిపోయింది. బోరు వేయించటానికని కొన్నేళ్లుగా కాయ అమ్మిన డబ్బంతా సంఘంలోనే డిపాజిట్ చేసింది.

"ఏమండీ, సంఘం మహాజనసభ కూడా ఇవాళ ఈ వేళకేగా? రెండూ ఒకేసారి ఎందుకు పెట్టారంటారు?" అని భర్త తిరుపతిరావును అడిగింది.

"ఊరంతా ఒకచోటికి వస్తుందని."

"మరి సభకు కుర్చీలేవి? అన్నీ ఇక్కడే వేశారు."

"కుర్చీల లెక్క కూడా నీకే కావాలా నాగేంద్రం? జడ్జిగారు వచ్చేస్తున్నారు, ఇక్కడుండు."

ఆమె ఉండలేకపోయింది. రోడ్డు దాటి సంఘం ఆఫీసు మెట్లెక్కింది. పైన ప్రెసిడెంటు బసవపున్నారావు, ఆయన డైరెక్టర్లు, సెక్రటరీ రత్నబాబు తప్ప ఎవరూ లేరు. హోటలు నుంచి తెప్పించిన టిఫిను పొట్లాలు కూడా వాళ్లకు సరిపడానే ఉన్నాయి.

"పోటీ వదిలేసి వచ్చావేంటమ్మా?" అన్నాడు ప్రెసిడెంటు.

"సభకు వచ్చానండీ."

"సరిపడా సభ్యులు లేరు. కోరం లేదని అరగంట వాయిదా వేశాం."

"అరగంటలో వస్తారా?"

"రానక్కర్లేదండీ," అన్నాడు రత్నబాబు. "వాయిదా పడ్డ సభకు కోరంతో పనిలేదు. ఉన్నవాళ్లే తీర్మానం చెయ్యొచ్చు."

"ఏం తీర్మానం?"

ప్రెసిడెంటు సెక్రటరీ వంక కోపంగా చూశాడు. "చాదస్తపు రూలు ఒకటుందిలే. డైరెక్టర్ల ఇళ్లవాళ్లకు అప్పివ్వాలంటే తాకట్టు ఉండాలి, సభ ఒప్పుకోవాలి. దాంతో పనులాగిపోతున్నాయి. తీసేస్తున్నాం."

"ఎవరి పనులండీ?"

"మా తమ్ముడు కోల్డ్ స్టోరేజీ కడతానంటున్నాడు. మీ కాయలకేగా?"

"కట్టమనండి. తాకట్టు పెట్టి కట్టమనండి."

"వెళ్లమ్మా, నీ బుట్టకు బహుమతి వస్తుందేమో చూసుకో," అని ఆయన నవ్వాడు.

ఆమె గబగబా దిగి వచ్చి కనబడ్డవాళ్లందరికీ చెప్పింది. "వచ్చేది మా వరసే వదినా, జడ్జిగారు రుచి చూశాక వస్తా," అంది బసవమ్మ. "రూలెక్కడికి పోతుందమ్మా? నేను పోతే నా పళ్లు ఈగలపాలు," అన్నాడు కోటేశ్వరరావు. తిరుపతిరావు కూడా కదల్లేదు.

చివరికి ఆమె జడ్జి దగ్గరికే వెళ్లింది. ఆయన రిటైరయిన హెడ్మాస్టరు సోమయాజులు. సంఘంలో ఆయనా సభ్యుడే. అంతా విని, చాకు తుడిచి పక్కన పెట్టి, మైకు అందుకున్నాడు.

"నేను మహాజనసభకు వెళ్తున్నాను. తిరిగొచ్చేదాకా ఏ పండుకూ మార్కుల్లేవు."

ఇక అక్కడ నిలబడి ప్రయోజనమేముంది? బుట్టలు చంకన పెట్టుకుని అందరూ ఆయన వెనకే నడిచారు. ఆఫీసు మెట్లన్నీ జనంతో నిండిపోయాయి.

"సభ అయిపోయినట్టేనండీ మాస్టారూ," అన్నాడు ప్రెసిడెంటు.

"వాయిదా వేసిన అరగంటకు ఇంకా ఐదు నిమిషాలుందండీ," అన్నాడు రత్నబాబు, గోడగడియారం వంక చూస్తూ.

"ఇంత గొడవెందుకు మాస్టారూ? రూలు మార్చటం తప్పా?"

"తప్పు కాదయ్యా. ఎందుకు మార్చాలో మా ముఖాలు చూసి చెప్పు. నచ్చితే మేమే చెయ్యెత్తుతాం. మేం పళ్లు చూసుకుని మురిసిపోతున్నప్పుడు తీసేస్తున్నావంటే, అది మా మేలు కోసం కాదని నీకూ తెలుసు."

చేతులెత్తమన్నప్పుడు రూలు తీసేయాలని ఎత్తినవాళ్లు డైరెక్టర్లు మాత్రమే. నాగేంద్రమ్మ బోరు డబ్బుకు కాపలా మిగిలింది.

బ్యాంకు చిన్నదైనా పెద్దదైనా, మన సొమ్మును కాచే నిబంధనను ఎత్తేయదలచినవాళ్లు ముందు మన చూపును పక్కకు తిప్పుతారు. కనుక ఊరంతా ఒకవైపే చూస్తున్న రోజున రెండోవైపు ఏం జరుగుతోందని అడిగే మనిషి ఒక్కరైనా ప్రతి ఊళ్లోనూ ఉండాలి.