పార్లర్ కుర్చీలో సముద్రం

స్కూబాకి, అంటే గాలి సిలిండరు కట్టుకుని సముద్రంలో మునగడానికి, రెండు రకాల ప్రయాణాలున్నాయి. ఒకదాంట్లో దీవి హోటల్లో పడుకుని ఒడ్డు దగ్గరే మునగడం. రెండోదాంట్లో వారమంతా పడవలోనే ఉండి, దూరపు పగడాల దిబ్బల దగ్గర తాబేళ్లతో ఈదడం. నాకు తాబేళ్లే కావాలి. కానీ బస్సెక్కితే చాలు, కడుపులో తిప్పేస్తుంది.

"ఇప్పుడే తేల్చేద్దాం, కూర్చో అక్కా," అంటూ మా తోడికోడలు నన్ను తన పార్లర్ కుర్చీలో కూలేసి గిర్రున తిప్పింది.

"ఆపవే, చచ్చిపోతా!"

"అలలు ఆపమంటే ఆగుతాయా?"

ముఖానికి పూత వేయించుకున్న కస్టమరు పగలబడి నవ్వింది, పూతంతా బీటలు వారింది.

కుర్చీ ఆగింది. అద్దంలో ఒక్క తోడికోడలే నలుగురై కనిపించింది. కడుపు తడుముకున్నాను. మధ్యాహ్నం తిన్నది ఎక్కడిదక్కడే ఉంది.

"పడవ ప్రయాణమే! టూరు వాళ్లకి ఫోన్ చెయ్యవే!" అని అరుస్తూ, బయటి తలుపనుకుని తువ్వాళ్ల అల్మరాలోకి నడిచాను.