లేని మానిటరు మీద రమీజా

ఇంట్లోంచి కాలేజీ కంప్యూటరుకి కనెక్టయిన పద్మాక్షికి అవతలి తెర కనపడడం లేదు, దాని మీద కప్పిన గుడ్డ కనపడుతోంది. లేత నీలం గుడ్డ. అంచున తెల్లదారంతో అల్లిన పువ్వులున్నాయి, ఒక పువ్వు దగ్గర కుట్టు ఊడింది.

కాలికి కట్టుతో మూడు వారాలుగా మంచం మీదున్న ఈ సీనియర్ అసిస్టెంటుకి ఇలాంటి వేషాలు చూసే ఓపిక లేదు. ఐదింటికి బోర్డు వాళ్ళ వెబ్‌సైటు మూసేస్తారు. ఈలోపు రమీజా అనే పిల్ల దరఖాస్తు పంపకపోతే రేపు పరీక్ష హాల్లోకి రానివ్వరు, ఏడాది చదువు గంగలో కలిసినట్టే. ఇప్పుడు నాలుగున్నర. ఆమె అటెండరు దానియేలుకి ఫోన్ చేస్తుంది.

"గుడ్డెందుకు కప్పావయ్యా?"

"దుమ్ము పడుద్ది కదండీ. ఎవరు సీట్లోంచి లేచినా కప్పేస్తాను, ఇరవై రెండేళ్ళ నుంచీ అంతే."

"నేను లేవలేదు. లోపలున్నాను. తియ్యి!"

"లోపలున్నట్టు ముందే ఒక మాట చెప్పాలి కదండీ," అంటూ నొచ్చుకుని తీస్తాడు.

తెర వస్తుంది, తపాలాబిళ్ళంత. పద్మాక్షి కళ్ళజోడు తుడుచుకుని, సెట్టింగుల్లోకి వెళ్ళి, పెద్దది చెయ్యమంటుంది. తెర అంతే ఉంటుంది. అవతల గది పెద్దదవుతుంది.

"మేడమ్ గారూ, బీరువా దాకా నడిచేసరికి ఆయాసం వచ్చేసిందండి."

ఆమె పళ్ళు నూరుకుంటూ, తెరకి సరిపెట్టమని నొక్కుతుంది. గది పొట్టిదై అడ్డంగా సాగుతుంది. దానియేలు కూడా సాగుతాడు.

"చొక్కా గుండీలు పోయాయండి. ఇలా ఇంటికెళితే మా ఆవిడ రానిస్తదా?"

"దరఖాస్తు వెళ్ళనీ, సన్నం చేస్తాను. అందాకా ఓర్చుకో."

అక్షరాలు మాత్రం ఇప్పుడు చదవడానికి వీలుగా ఉన్నాయి. ఆమె రమీజా దరఖాస్తు తెరుస్తుంది. అది తెరుచుకుంటుంది గానీ, సగానికి పైగా కుడి అంచు దాటిపోతుంది. వేసవి దాకా ఆ టేబుల్ మీద రెండో మానిటరు ఉండేది. ప్రిన్సిపాలు గారు దాన్ని తన గదికి మోయించుకుపోయారు. మొదటి మానిటరు ఆన్ చెయ్యడమే చేతకాని మనిషికి రెండోదెందుకో ఆయనకే తెలియాలి. రెండోది లేదన్న సంగతి కంప్యూటరుకి ఎవరూ చెప్పలేదు.

"కుడివైపు ఏముందో వెళ్ళి చూడు."

"వరండా అండి. విండో ఇక్కడే గాల్లో వేలాడుతోంది. ఆ అమ్మాయి కూడా ఉందండి, ఫోటో గడిలో కూర్చుంది. పొద్దుటి నుంచీ ఇక్కడే ఉందంట."

"అన్నం తిందేమో అడుగు."

"తినలేదంటండి. నమిలితే ఫోటో కదిలిపోద్దంట."

"విండోని ఇటు తొయ్యి."

"తోశానండి. గోడ అడ్డమొస్తోంది."

ఆమె కనెక్షన్ తెంచి మళ్ళీ కలుపుతుంది. రెండుసార్లు రంగులు తలకిందులవుతాయి, ఒకసారి ఇంటి కరెంటు ఎర్రగా వస్తుంది. నాలుగూ యాభై ఆరు. చివరికి, తెరని విస్తరించమని నొక్కుతుంది.

మంచం పక్క గోడ తెల్లగా వెలుగుతుంది. క్యాలెండరు మర్యాదగా పక్కకి జరుగుతుంది. దరఖాస్తు గోడ మీదికి వచ్చి నిలబడుతుంది. కింద గడిలో రెండు జడల రమీజా ఊపిరి బిగబట్టుకుని కూర్చుని ఉంది. "పంపు" అన్న బొత్తాము అటక దగ్గరుంది. మౌసు బాణం గుర్తు గోడెక్కి దాన్ని నొక్కుతుంది. అందినట్టు కబురొస్తుంది. ఇంకా నిమిషం మిగిలే ఉంది.

"ఇక దిగమ్మా," అంటుంది పద్మాక్షి, కళ్ళు తుడుచుకుంటూ.

"నేను దిగితే హాల్‌టికెట్ మీద ఎవరుంటారు మేడమ్? ఇక్కణ్ణించే రాస్తాను."

నిజమే మరి. క్యాలెండర్లో రేపు కూడా కుడివైపే ఉంది కాబట్టి, ఎంతోసేపు ఎదురుచూడక్కర్లేకుండా వచ్చేస్తుంది. తొమ్మిదవుతుంది. ప్రశ్నపత్రం గోడ మీదికి దిగుతుంది. రమీజా జేబు తడుముకుంటుంది, పెన్ను లేదు. చెయ్యి చాపి బాణం గుర్తుని అందుకుని రాయడం మొదలుపెడుతుంది.

బాణంతోపాటు మౌసు, మౌసుతోపాటు పద్మాక్షి చెయ్యి కదులుతాయి. కామర్స్ తప్ప ఇంకేదీ చదవని ఆ చెయ్యి కప్ప గుండెలో గదులు మూడని రాస్తుంది, బొమ్మ గీస్తుంది, భాగాలు గుర్తిస్తుంది. మణికట్టు పీకేస్తోంది. వదిలేస్తే ఆ పిల్ల ఆగిపోతుంది. ఆమె వదలదు. పదకొండుకల్లా నాలుగు గోడలూ నిండిపోతాయి.

రమీజా లేచి నిలబడి, "అడిషనల్ సార్!" అంటుంది.

కేక విని కాలేజీ నుంచి వచ్చిన దానియేలు, ఇంకా అడ్డంగా సాగే ఉన్నందున గుమ్మంలో పట్టక బయటే నిలబడి, తెల్లదారం నోట్లో తడిపి మొన చేస్తాడు. పక్కింటి గోడని దగ్గరికి లాక్కుని, పైమూల చిల్లు పెట్టి, పద్మాక్షి గోడకి గట్టిగా ముడి వేస్తాడు. అన్నాలు తింటున్న పక్కింటివాళ్ళు కంచాలెత్తుకుని ఓ వారకి జరుగుతారు. వాళ్ళ గోడ మీద మేకులు తీసి దారి చేసిస్తారు. పద్మాక్షి మౌసు పట్టుకుని, కట్టుకాలు ఈడ్చుకుంటూ, ఆ ఇంట్లోకి రాసుకుంటూ పోతుంది.