పానకం తాగిన పెళ్లికారు

నేను ఒక కారుని. పాతది అంటే మా పైడిరాజు ఒప్పుకోడు, వింటేజి అనాలంటాడు. మీ మనుషుల్లో వయసు మళ్లితే మూల కూర్చోబెడతారు, మాలో మళ్లితే అద్దె పెంచుతారు. ఆ ఒక్క విషయంలో నాది మంచి పుట్టుకే.

ఇంగ్లండులో ముక్కలుగా పుట్టి, పెట్టెల్లో ఓడెక్కి, బొంబాయిలో ఒక ఆకారానికి వచ్చాను. మొదట విజయనగరంలో ఒక జూటుమిల్లు మేనేజరు కొన్నాడు. నన్ను తుడిపించినంత శ్రద్ధగా ఆయన తన పిల్లల ముక్కులు తుడిపించి ఎరగడు. తరవాత ఒక డాక్టరు చేతికి వెళ్లాను. ఆయన నాలో వచ్చి దిగితే చాలు, సగం మందికి జ్వరం తగ్గిపోతుందని ఊళ్లో అనుకునేవారు. తగ్గని సగం గురించి ఎవరూ మాట్లాడేవారు కాదు. ఆపైన ఒక ఎన్నికల అభ్యర్థి నా నెత్తిన మైకు కట్టి ఊరూరా తిప్పాడు. డిపాజిట్టు పోయింది. ఆ కోపంతో నన్ను కోళ్ల షెడ్డులోకి తోయించాడు. పదకొండేళ్లు నా వెనక సీటు మీద కోళ్లు గుడ్లు పెట్టాయి. అది గొప్పవాళ్లు కూర్చున్న సీటని వాటికి తెలియదు, తెలిసినా లెక్కచేసేవి కావు.

అక్కడినుంచి నన్ను బయటికి తెచ్చినవాడు పైడిరాజు, విశాఖపట్నంలో మెకానిక్కు. ఆరేళ్లు కష్టపడి నన్ను నిలబెట్టాడు, మీగడ రంగు వేయించాడు. పెళ్లిళ్లకీ, షష్టిపూర్తులకీ, ఆదివారంపూట సముద్రం చూస్తూ భీమిలి దాకా వెళ్లొద్దామనుకునే వాళ్లకీ అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. పొద్దున్నే వచ్చి, "ఏటమ్మా, నీరసంగా ఉన్నావా?" అని నన్ను పలకరించేవాడు. కట్టుకున్న భార్య నూకరత్నంతో మాత్రం రోజుకు రెండే మాటలు: "టిఫినేటి?", "తాళాలేవి?"

నూకరత్నం నన్ను సవతి అనేది. ఆవిడ తప్పేం లేదు. ఊళ్లో పెళ్లికూతుళ్లందరూ నాలో ఊరేగారు గానీ ఆవిడ ఒక్కసారీ ఎక్కలేదు. ముహూర్తాలున్న రోజు బేరం, లేని రోజు రిపేరు.

ఇంతలో రుషికొండ దగ్గరి హోటలాయన ఒకడు నా మీద మనసు పడ్డాడు. ఇంజను పీకేసి, భోజనాల గదిలో నిలబెట్టి, నా వెనక సీటు ముందు బల్ల బిగించి అక్కడ బిర్యానీ వడ్డిస్తాడట. అప్పటికే రెండు పెళ్లిళ్లలో నేను నడిరోడ్డు మీద ఆగిపోయి పైడిరాజుకు తిట్లు తినిపించాను. నూకరత్నం భర్తను నిలదీసింది. "మూడోసారి ఆగిందంటే హోటలాయనకిచ్చీడమే. సింహాచలం అప్పన్న మీద ఒట్టెయ్యి." వేశాడు. ఆ రోజునుంచి నాకు ఎత్తు రోడ్డు కనబడితే భయమే.

మూడో గండం ఒక మాఘమాసపు పెళ్లిలో వచ్చింది. పెళ్లికొడుకు మేనమామ గవర్రాజు గారు నా ముందు జాలీ కనబడకుండా బంతిపూల దండలు కట్టించాడు. "జాలీ మూస్తే గాలాడదండి, ఇంజను కాగిపోద్ది" అని పైడిరాజు మొత్తుకున్నాడు. "బోసిగా ఎల్తే మా పరువేటవుద్దయ్యా?" అన్నాడాయన. మనుషుల పరువు ఎప్పుడూ ఇతరుల ఇంజన్ల మీదే నడుస్తుంది. నేను ముక్కు మూసుకుని కొండ ఎక్కి, కల్యాణమంటపానికి రెండు ఫర్లాంగుల ముందు పొగలు కక్కి ఆగిపోయాను. ముహూర్తానికి ఇంకా పన్నెండు నిమిషాలే ఉంది.

పైడిరాజు తడిగుడ్డతో రేడియేటరు మూత తీసి, బకెట్టు పట్టుకుని నీళ్లకోసం పరిగెత్తాడు. ఈలోగా ఆడపెళ్లివారు మమ్మల్ని దూరంనుంచి చూశారు. మగపెళ్లివారు ఎదురుకోలు కోసమే అక్కడ ఆగారనుకుని, మేళం పెట్టుకుని, పానకం బిందెలతో ఎదురొచ్చేశారు. వాళ్లది అనకాపల్లి, బెల్లానికి లోటు లేదు. గవర్రాజు గారికి అప్పుడు బుద్ధి వెలిగింది. ఒక బిందె అందుకుని, మిరియాలూ యాలకులూ సహా నా గొంతులో పోసేశాడు. పైడిరాజు వచ్చేసరికి బిందె ఖాళీ.

ఇంగ్లండు కడుపు, అనకాపల్లి బెల్లం. ఎలాగో కదిలాను. ముహూర్తానికి పెళ్లికొడుకును దింపాను. మంటపమంతా పాకం వాసన కొడితే అరిసెలు వండుతున్నారనుకుని ముసలమ్మలు వంటశాల వైపు నడిచారు.

ఇంటికి వెళ్లగానే నూకరత్నం, "ఆగిందా?" అని అడిగింది. పైడిరాజు అబద్ధం ఆడగలిగేవాడే, ఆడలేదు. "ఆగింది" అన్నాడు. మూడు రోజులు వేడినీళ్లతో నా కడుపు కడిగాడు, ఆ మూడు రోజులూ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. సోమవారం లారీ పంపిస్తానని హోటలాయన కబురు చేశాడు.

ఆదివారం పొద్దున్న నూకరత్నం పట్టుచీర కట్టుకుని వచ్చింది. "అమ్మీసే ముందు నన్నోపాలి భీమిలి దాకా తిప్పు" అంది. పెళ్లికూతుళ్లు కూర్చునే చోట కూర్చుంది. తొట్లకొండ దాటాక, ఎత్తులో, నేను మళ్లీ ఆగిపోయాను.

చల్లారడానికి గంట పడుతుంది. ఇద్దరూ రోడ్డు పక్క పిట్టగోడ మీద కూర్చున్నారు. నాతో మాట్లాడదామంటే బానెట్ కాలిపోతోంది. పాపం, భార్య తప్ప వేరే దిక్కు లేకపోయింది. సముద్రం వైపు చూస్తూ పైడిరాజు నోరు విప్పాడు.

"మన పెళ్లినాడు సింహాచలంనించి బస్సులో వచ్చాం. నీకు సీటు దొరకనేదు. పసుపుబట్టల్తో నిలబడే వచ్చావు. నాకు సిగ్గేసింది నూకాలూ. ఎప్పటికైనా నిన్ను కారులో తేవాలని దీన్ని కొన్నాను. కొన్నాక, మరి, బేరాల్లో పడిపోనాను."

"పంతొమ్మిదేళ్లకి సెప్తన్నావా?" అంది నూకరత్నం. కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను చల్లారి చాలాసేపయినా ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

సోమవారం లారీ వచ్చింది. నూకరత్నం గేటు తీయలేదు. ఒట్టు సంగతి అప్పన్నతో తానే చెప్పుకుంటానంది.

"దారిలో ఆగిపోయే బండి మీకెందుకమ్మా?" అన్నాడు హోటలాయన.

"ఆగబట్టే మా ఆయన నోరు తెరిసేడు బాబూ. మీరెల్లి రండి."

ఇప్పుడు ఆదివారాలు మేము బేరాలు తీసుకోవడం లేదు. భీమిలి రోడ్డులో ఆ ఎత్తు దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ నాకు ఆయాసం వస్తుంది, గంటసేపు కదలలేను. రేడియేటరు మాత్రం శుభ్రంగానే ఉంది.